ఎడమ చెంప మీద పుట్టుమచ్చ

మా పేటలో పదకొండు వేల మంది జనం. అందులో తొమ్మిది వేల మందికి ఎడమ చెంప మీద, కంటికి రెండు వేళ్ళ కింద, ఆవగింజంత పుట్టుమచ్చ ఉంటుంది. మొహాల మీద వెతికితే దొరకదు. గుర్తింపు కార్డుల్లో చూడాలి. పసిపిల్లల దగ్గర్నుంచి తొంభై ఏళ్ళ ముసలాళ్ళ దాకా, కవలల్లో ఇద్దరికీ, అత్తకీ కోడలికీ, అదే చోట, అదే సైజు. ఒక ఇంట్లో కుక్కకి కూడా ఉంది. దాని లైసెన్సు ఫోటో కూడా మా పిన్నే తీసింది మరి.

మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, కార్డు ఆఫీసుకి ఎదురుగా ఫోటో షాపు నడుపుతుంది. పేటంతా ఆవిణ్ణి ఫోటో పిన్ని అనే పిలుస్తారు, ఆవిడకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళతో సహా. షాపంటే ఒకటే గది. గది చివర తెల్లగోడ. గోడ ముందు నేలకి బోల్టులు బిగించిన ఇనప స్టూలు. దానికెదురుగా మూడు కాళ్ళూ సిమెంటులో పాతేసిన స్టాండు, స్టాండు మీద కెమెరా. ఎవరైనా కదిలిస్తారని పిన్నికి భయం. పొట్టివాళ్ళు వస్తే కింద లావుపాటి పుస్తకాలు వేస్తుంది, పొడుగువాళ్ళు వస్తే కాస్త కుంగమంటుంది. మొత్తానికి పేటలోని ప్రతి మొహమూ గాలిలో ఒకే జాగాలోకి రావాల్సిందే.

కెమెరా వయసు పదహారేళ్ళు. మనుషుల లెక్కలో అయితే అది ఈపాటికి మునిమనవలని ఎత్తుకుని ఉండేది. చేత్తో పట్టుకునేచోట రబ్బరు ఊడిపోతే పిన్ని దెబ్బలకి వేసే ప్లాస్టరు చుట్టింది. బ్యాటరీ మూత జారిపోకుండా జుట్టుకి పెట్టుకునే రబ్బరుబ్యాండు. వెనకాల తెర అగ్గిపెట్టెంత; అందులో చూస్తే మనిషా, తలుపా అన్నంతవరకే తెలుస్తుంది. మీట నొక్కితే లోపల అద్దం లేచి పడే చప్పుడుకి ఎదురుగా ఆఫీసులో గుమాస్తాలు ఉలిక్కిపడేవాళ్ళు. ఇప్పుడు అలవాటైపోయి, చప్పుడు వినపడని రోజున ఎవరికీ పని సాగదు.

లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలో చెప్పడానికి కెమెరాలో ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది. ఈ సంగతి పిన్నికి తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా పెద్ద అంకె మంచిదని. కాబట్టి ఆరేళ్ళుగా అంకెని ఆఖరిదాకా తిప్పి అక్కడే ఉంచింది.

పిన్ని ఫోటో ఒక్కటే కాదు, దరఖాస్తు కూడా తనే నింపి ఇస్తుంది. అందులో గుర్తింపు చిహ్నం అని ఒక గడి ఉంటుంది. పిన్ని ఏం చేసేదంటే, ఫోటో ప్రింటు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోలోకి చూసి, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని రాసేది. మనిషి ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. మనిషి వంక చూసేది కాదు. మనిషి కదులుతాడు, ఫోటో కదలదు, కనక ఫోటోనే నమ్మాలని ఆవిడ సిద్ధాంతం.

జనం ఎందుకు అడగలేదంటారా? కార్డులో తన మొహం తనకి నచ్చినవాడు లోకంలో ఎవడూ లేడు. అంత దారుణంలో మచ్చొకటి ఎక్కువైందని ఎవరూ పేచీ పెట్టలేదు. కొందరు ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని, మచ్చ కనిపించక, అద్దం పాతదైపోయిందని మార్పించుకున్నారు.

ఇక నా సంగతి. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. పరీక్షల ముందు తప్ప నాకు తీరిక ఎక్కువ. పిన్ని షాపులో నా మాటకి విలువ సున్నా. దానికి కారణం ఉంది. రెండేళ్ళ కింద ఒక పెద్దమనిషి ఫోటోకి వస్తే, మనసులో అబద్ధం పెట్టుకుని కూర్చుంటే ఈ కెమెరాలో బొమ్మ మసగ్గా పడుతుందని చెప్పాను. ఆయన కాసేపు స్టూలు వైపు చూసి, ఇప్పుడే వస్తానని వెళ్ళారు. ఇంకా రాలేదు.

అలాంటి నేను మొన్న ఆదివారం ఒక మంచిపని చేశాను. గొడవంతా దానివల్లే.

పిన్ని కూతురు, మా అక్క, రసాయనశాస్త్రం చదివింది. నీళ్ళు శుద్ధిచేసే కేంద్రంలో పరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన ఉద్యోగం. సోమవారం పొద్దున పదింటికి చేరాలి, చేతిలో చెల్లుబాటయ్యే గుర్తింపు కార్డు ఉండాలి. లేకపోతే జాబితాలో తర్వాతి పేరుకి ఉత్తరం వెళ్ళిపోతుంది. అక్క కార్డు గడువు పోయిన నెలలో తీరిపోయింది. కొత్త కార్డుకి కొత్త ఫోటో కావాలి. ఫోటో బాగా రావాలని, పిన్ని భోజనం చేసి ఒక కునుకు తీసే టైములో నేను కెమెరా లోపల శుభ్రం చేశాను. ముందు తెల్లగోడని ఒక ఫోటో తీసి చూస్తే గోడ మీద నల్లచుక్క కనబడింది. గోడ మీద చేత్తో తుడిచాను, పోలేదు. లెన్స్ తీసి, అద్దం పైకి లేపి, వెలుతురు పడి బొమ్మ తయారయ్యే గాజుపలక ఉంటుందే, సెన్సర్ అంటారు, దాన్ని రబ్బరు బల్బుతో ఊది, పల్చటి పుల్లతో ఒక్కసారి తుడిచాను. మళ్ళీ గోడని తీశాను. చుక్క లేదు. నా జీవితంలో ఎవరికీ చెప్పకుండా చేసిన మొదటి మంచిపని అది. అంతకుముందు చెప్పకుండా చేసినవన్నీ వేరే రకం.

సోమ, మంగళవారాలు ఆఫీసుకి పండగ సెలవు, షాపుకీ ఎవరూ రాలేదు. బుధవారం అక్కకి పిన్ని ఫోటో తీసింది. సొంత కూతురే కదాని, ఫోటో చూడకుండా, గుర్తింపు చిహ్నం గడిలో పాత కార్డులో ఉన్నదే ఎక్కించింది. నేనూ అక్కా రోడ్డు దాటి ఆఫీసుకి వెళ్ళాం.

అక్కడ కార్డుల అధికారిని అందరూ భూతద్దం గారు అంటారు. ఆయన ఏ కాగితాన్నయినా భూతద్దం పెట్టే చూస్తారు. టీ గ్లాసుని కూడా. అక్క పాత కార్డు చూశారు, కొత్త ఫోటో చూశారు, దరఖాస్తు చూశారు, మళ్ళీ ఫోటో చూశారు.

"ఈ అమ్మాయి ఈ పేట అమ్మాయి కాదు" అన్నారు.

అక్క మర్యాదగానే చెప్పింది. "సార్, మా అమ్మ షాపు మీ కిటికీలోంచి కనిపిస్తుంది. పొద్దున మీరు సైకిల్ పెడుతుంటే జరిగి దారిచ్చింది నేనే."

"రోజూ చూడ్డం వేరమ్మా, కార్డు వేరు. పాత కార్డులో మచ్చుంది. గడిలో మచ్చుందని రాశారు. ఫోటోలో లేదు. ఈ పేటలో మచ్చ లేనివాళ్ళెవరు చెప్పండి. ఇదొక జాతి లక్షణం. బయటూళ్ళ నుంచి వచ్చి దొంగకార్డులు చేయించుకునేవాళ్ళని దీంతోనే పట్టుకుంటున్నా. నాలుగేళ్ళలో పదిహేడు మంది."

ఆ పదిహేడు మందీ పక్క సందు స్టూడియోలో ఫోటో తీయించుకున్న ఇక్కడివాళ్ళే అని తర్వాత తెలిసింది. వాళ్ళలో ఒకాయన ఈ పేటలో పుట్టి డెబ్భయ్యేళ్ళయింది. ఇప్పటికీ కార్డు లేదు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా మచ్చ ఉన్న ఫోటో తెస్తే సరే, లేకపోతే పై ఆఫీసుకి రాస్తాననీ, అక్కడ రెండు నెలలు పడుతుందనీ భూతద్దం గారు చెప్పారు. రెండు నెలలంటే ఉద్యోగం పోయినట్టే. అక్క వచ్చేటప్పుడు రోడ్డు మధ్యలో ఆగి నావైపు తిరిగింది.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ నువ్వు చేసిన వెధవ పనులన్నీ భరించాను. మంచి మాత్రం చెయ్యకురా నాకు. దండం పెడతా."

పిన్నికి జరిగిందంతా చెప్పాను. చుక్క లోపల ఉండేదనీ, అంకె ఆఖర్న ఉండబట్టి అది అంత నల్లగా పడిందనీ, నేను తుడిచాననీ, ఊళ్ళో మచ్చలన్నీ ఆ చుక్కేననీ. పిన్ని పూర్తిగా విని, నీ మాట ఎప్పుడు నిజమైంది గనక అంది. ఆవిడ అభిప్రాయంలో మచ్చలు నిజం. ఈ పేట నీళ్ళ గుణం. నేను లోపల ఏదో గెలికి కెమెరా చూపు పోగొట్టాను; ఇదివరకు మచ్చలు ఎంత స్పష్టంగా పడేవి! నీళ్ళ వల్ల మచ్చలు రావని, తను ఆ నీళ్ళనే పరీక్ష చెయ్యబోతోందని అక్క అంది. ఇంకా చేరలేదుగా, అప్పుడే మాట్లాడకు అంది పిన్ని. మరి అక్క చెంప మీద మచ్చేదని నేను తన మొహం చూపిస్తే, పౌడరు రాసుకుని ఉంటుంది అంది, దరఖాస్తు మడుస్తూ.

"కెమెరా నా దగ్గరికి ఎలా వచ్చిందో అలా చేసి పెట్టు. అంతే. ఇంకేం మాట్లాడకు."

అలా చెయ్యాలంటే అది ఎలా ఉండేదో తెలియాలి. కెమెరా పెట్టె అడుగున పాత యజమానుల చిరునామాలు ఉన్నాయి. పిన్ని మూడో మనిషి. గురువారం సైకిలేసుకుని బయల్దేరాను.

రెండో యజమాని రిటైరైన హెడ్మాస్టరు గారు. పిట్టల్ని ఫోటో తీయడానికి కొన్నారట. ఆయనా అంకె ఆఖరిదాకా తిప్పినవారే. అలా తిప్పితే పిట్ట దగ్గరికి వస్తుందని ఎవరో చెప్పారట. రెండేళ్ళలో నాలుగువేల ఫోటోలు తీశారు. ఆకాశం తప్ప అందులో ఏమీ లేదు. కానీ ప్రతి ఆకాశంలోనూ ఒకేచోట, దూరంగా, ఒక పక్షి ఉంది. వానాకాలంలో ఉంది, ఎండాకాలంలో ఉంది. ఆయన దాని కోసం ఒక నోటుపుస్తకమే పెట్టారు. ఒంటరిది, రెక్కలు కదపదు, ఎత్తు తగ్గదు, భయం లేదు అని రాసుకున్నారు. దగ్గరగా చూడాలని ఊరి చివర గుట్టలన్నీ ఎక్కారు. మోకాళ్ళు పోయాక కెమెరా అమ్మేశారు.

"ఇంకా కనిపిస్తోందా బాబూ అది?" అని అడిగారు.

నేను ఎవరికైనా ఏమైనా చెప్పగలను. ఆయన కళ్ళలోకి చూశాక ఒక్కటే చెప్పగలిగాను.

"మొన్న ఆదివారం దాకా ఉంది సార్."

"వలస పోయుంటుంది" అన్నారాయన. నోటుపుస్తకం తెచ్చి తారీకు వేసుకున్నారు.

మొదటి యజమాని పళ్ళ డాక్టరు. ఇప్పుడు ప్రాక్టీసు మానేశారు. రోగి నోరు తెరిస్తే పళ్ళని దగ్గరగా ఫోటో తీసి, దాన్నిబట్టి వైద్యం చేసేవారట. కెమెరా ఉన్న ఎనిమిదేళ్ళలో ఒక విచిత్రం గమనించానన్నారు. ఈ ప్రాంతం వాళ్ళకి పై వరుసలో ఎడమవైపు నాలుగో పన్నే పుచ్చేది. వేరే పన్ను పుచ్చిన మనిషి లేడు. చిన్న నల్లచుక్క, అందరికీ ఒకేచోట. ఆయన ఓపిగ్గా అందరికీ తొలిచి సిమెంటు పెట్టారు. దాని మీద పెద్ద వ్యాసం రాద్దామనుకున్నారు గానీ, కెమెరా అమ్మేశాక చిత్రంగా ఆ జబ్బే ఊళ్ళోంచి మాయమైందన్నారు. నేను నాలుకతో నా పై వరుసలో ఎడమవైపు నాలుగో పన్నుని తడుముకున్నాను. సిమెంటు ఉంది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఐదుగురు పట్టుకున్నారు.

కెమెరా కొన్న కొత్తలో లోపల ఏమైనా పడిందా అని అడిగాను. ఆయన, మొదటివారంలోనే ఒకసారి లెన్స్ మారుస్తుంటే తుమ్మానన్నారు. ఒక్కటే తుమ్ము.

అంటే తొమ్మిది వేల మంది కార్డుల్లో ఉన్నది ఈయన తుమ్ము. ఆయనకి నమస్కారం పెట్టి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున షాపు ముందు మూసి ఉన్నదని బల్ల పెట్టాం. అక్క స్టూలు మీద కూర్చుంది. నేను లెన్స్ తీసి, అద్దం లేపి, మిరియాలపొడి వాసన చూశాను. మొదటి తుమ్ము కెమెరాకి అందలేదు. రెండోది అందింది. లెన్స్ బిగించి ఫోటో తీస్తే మచ్చ అక్క నుదుటి మీద, సరిగ్గా మధ్యలో పడింది. భూతద్దం గారు దాన్ని బొట్టు అంటారు. తుడిచి మళ్ళీ తుమ్మితే ముక్కు కొన మీద పడింది. మళ్ళీ తుడిచి మళ్ళీ తుమ్మితే చెవికి అరంగుళం దూరంలో, గాల్లో పడింది. పుట్టుమచ్చ మనిషికి దూరంగా ఉండొచ్చా అని అడిగితే అక్క తుడిచే పుల్ల నా చేతిలో పెట్టింది. ఏడో తుమ్ముకి ఒకేసారి పదకొండు పడ్డాయి. ఆ ఫోటోలో అక్క మొహం మీద ఈగల సంతలా ఉంది.

పిన్ని ఇదంతా కంప్యూటరు ముందు కూర్చుని చూస్తోంది. మొదట్లో నన్ను తిట్టింది. ముక్కు మీద పడ్డప్పుడు తిట్టడం ఆపింది. చెవి పక్కన గాల్లో మచ్చ చూశాక తెరకి దగ్గరగా జరిగింది. పదకొండూ పడ్డాక, అక్కని స్టూలు మీంచి లెమ్మంది. ఉత్త గోడని తీయమంది. తీశాను. గోడకి, అవే చోట్ల, అవే పదకొండు మచ్చలు.

పిన్ని కంప్యూటర్లో పాత ఫోటోల సంచి తెరిచి, బాణం మీట మీద వేలు పెట్టి నొక్కుతూ పోయింది. మొహాలు ఒకదాని మీద ఒకటి మారిపోతున్నాయి. మీసాలు వస్తున్నాయి, పోతున్నాయి. బట్టతలలు, జడలు, పాల పళ్ళు, కళ్ళజోళ్ళు. చుక్క మాత్రం తెర మీద మేకు కొట్టినట్టు కదలకుండా అక్కడే ఉంది. దాని వెనక పేటంతా నడిచిపోతున్నట్టుంది. పిన్ని వేలు ఇరవై నిమిషాలు ఆగలేదు. ఒక్క మొహం దగ్గర ఆగింది. అది మా అమ్మమ్మ. చనిపోయే ముందు సంవత్సరం కార్డు కోసం తీసిన ఫోటో. అదే ఫ్రేము కట్టించి మా ఇంట్లోనూ వీళ్ళింట్లోనూ గోడకి పెట్టారు. పెద్దది చేయించేటప్పుడు పిన్ని ఫ్రేమువాడితో, మా అమ్మ మచ్చ చెరిగిపోకుండా చూడు నాయనా అని రెండుసార్లు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

అప్పటికి ఒంటిగంటయింది. తెచ్చుకున్న క్యారేజీ ఎవరూ విప్పలేదు. అక్క ఇక ఆగలేక సంచిలోంచి కనుబొమల పెన్సిలు తీసింది. బుధవారం ఫోటో మీద చుక్క పెట్టి తీసుకెళ్తే చాలు, నిమిషం పని, భూతద్దం గారికి కావాల్సింది అదే అంది. నేనూ సై అన్నాను. ఇలాంటి పనులకి నన్ను మించినవాడు లేడు.

పిన్ని చెయ్యి చాపింది. అక్క పెన్సిలు ఇచ్చింది. పిన్ని దాన్ని సొరుగులో పడేసి సొరుగు మూసేసింది.

"అమ్మా, తొమ్మిది వేల మందికి పెట్టావ్. కన్న కూతురికి ఒక్కటి పెట్టడానికి చేతులు రావట్లేదా?"

"అప్పుడు తెలీక పెట్టానే. ఇప్పుడు తెలిసి పెట్టాలి."

"ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు."

అక్క మూడేళ్ళు ఏ ఉద్యోగం కోసం చదివిందో, ఏ పరీక్షకి ఎన్నిసార్లు వెళ్ళిందో పిన్నికి తెలుసు; ప్రతిసారీ బస్టాండు దాకా వెళ్ళి దిగబెట్టింది పిన్నే. అందుకే అక్క అరవలేదు. గోడవైపు తిరిగి నిలబడింది.

పిన్ని నన్ను పిలిచింది. సెన్సరు మళ్ళీ శుభ్రం చెయ్యమంది. పదకొండు చుక్కలూ తుడిచాను. అప్పుడు ఆవిడ అంకె ఉండే చక్రం మీద బొటనవేలు పెట్టి, నావైపు చూడకుండా, అంకె ఎంత ఉండాలిరా అని అడిగింది. పుట్టి ఇరవై ఏళ్ళయింది, ఆవిడ నన్ను సలహా అడగడం అదే మొదలు. వెక్కిరించడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదని నాకు తెలుసు. ఎనిమిది పెట్టు పిన్నీ అన్నాను. ఎనిమిది పెట్టింది. ఇరవై రెండు నుంచి ఎనిమిదికి రావడానికి ఆవిడకి ఎత్తయిన మేడ మెట్లు దిగినంత కష్టమైంది.

అక్క స్టూలు మీద కూర్చుంది. పిన్ని కెమెరాలోకి చూడలేదు. దగ్గరికి వెళ్ళి అక్క మొహంలోకి చూసింది. ఎడమ చెంప మీద వేలు వేసి రుద్దింది. వేలికి పౌడరు అంటలేదు. వెనక్కొచ్చి మీట నొక్కింది. తర్వాత కొత్త దరఖాస్తు తీసి, గుర్తింపు చిహ్నం గడిలో, ఫోటో ప్రింటు కాకముందే, గడ్డం కింద మూడు కుట్ల గాటు అని రాసింది. అక్కకి నాలుగేళ్ళప్పుడు గుమ్మం మీద పడింది. ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తింది పిన్నే. ఆరేళ్ళ కింద అక్క పాత దరఖాస్తు నింపింది కూడా పిన్నే.

మూడున్నరకి ఆఫీసులోకి వెళ్ళాం. కిటికీ ముందు పన్నెండు మంది వరసలో ఉన్నారు. అందరూ పిన్నికి తెలిసినవాళ్ళే; అందరికీ చెంప మీద మచ్చ పెట్టింది తనే. దారిచ్చారు. భూతద్దం గారు కొత్త ఫోటో మీద అద్దం పెట్టి, మచ్చ ఇప్పుడు కూడా లేదే అన్నారు.

పిన్ని గొంతు తగ్గించలేదు. "మచ్చ మా అమ్మాయిది కాదండి. నా కెమెరాది. లోపల దుమ్ముంది. ఆరేళ్ళుగా అందరి మొహాల మీదా పడింది. నేను మొహాలు చూళ్ళేదు, ఫోటోలు చూసి రాశాను. తప్పు నాది. దాని మొహం మీద ఏమీ లేదు. గడ్డం కింద గాటుంది, చూడండి."

వరసలోవాళ్ళు ఒక్కొక్కరే జేబుల్లోంచీ సంచుల్లోంచీ కార్డులు తీశారు. పక్కవాడి కార్డు చూశారు. పక్కవాడి చెంప చూశారు. వెనకనుంచి చెప్పులు కుట్టే పెద్దాయన అడిగాడు.

"నాది కూడానా ఫోటో పిన్నీ?"

"మీది కూడా బాబాయిగారూ."

"ఆ మచ్చ వచ్చాకే నాకు కలిసొచ్చిందమ్మా. మొహం మీద లేకపోతేనేం, కార్డులో ఉంది కదా అనుకున్నా."

పిన్ని తల వంచుకుంది.

భూతద్దం గారు ఈలోగా తన సొంత కార్డు తీశారు. భూతద్దం పెట్టి చూశారు. లేచి, చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళారు. అక్కడ అద్దం ఉంది. గోడ గడియారం మూడు నలభై రెండు. అక్క గడియారం వైపే చూస్తోంది. పిన్ని అక్క వైపు చూస్తోంది. మూడు యాభై ఒకటికి ఆయన బయటికొచ్చారు. మొహం కడుక్కున్నారు. ఎడమ చెంప కొంచెం ఎర్రగా ఉంది.

కూర్చుని, అక్కని గడ్డం పైకెత్తమన్నారు. భూతద్దంతో చూసి, కుట్లు మూడూ లెక్కపెట్టారు. పిన్ని రాసింది సరిపోయింది. తర్వాత ఒక ఫారం తీశారు. వివరాల్లో మార్పు ఉంటే నింపేది. మార్పుకి కారణం అన్నచోట నాలుగే ఉన్నాయి: వివాహం, ప్రమాదం, శస్త్రచికిత్స, ఇతరములు. ఆయన కలం ప్రమాదం మీద కాసేపు ఆగింది.

"ఏం రాయమంటారు?" అని పిన్నిని అడిగారు.

"జరిగిందే రాయండి."

ఇతరములు దగ్గర గీత గీసి, పక్కన గుండ్రటి అక్షరాలతో, కెమెరా శుభ్రం చేయబడినది అని రాశారు. ముద్ర వేశారు. అప్పుడు నాలుగింటికి రెండు నిమిషాలు తక్కువ. మిగతా తొమ్మిది వేల మంది కార్డులూ సరిచేయాల్సిందేననీ, ఫోటోలు పిన్నే తీసివ్వాలనీ చెప్పబోయారు. ఆయన నోరు తెరవకముందే పిన్ని, రేపు పొద్దున్నించి రమ్మనండి, ఏమీ ఇవ్వక్కర్లేదు అని వరసలో ఉన్నవాళ్ళతో అంది.

సోమవారం పదింటికి పది నిమిషాల ముందు అక్క నీళ్ళ కేంద్రం గేటు దగ్గర కార్డు చూపించింది. కాపలాదారు కార్డు చూసి, మొహం చూసి, గడ్డం ఎత్తమని అడగాలా వద్దా అని ఆలోచించి, గేటు తీశాడట. లోపలికెళ్ళాక ఫోన్ చేసి పిన్నితో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు గానీ, ఆ కోతికి కూడా చెప్పు అందట.

షాపులో ఇప్పుడు ఒక్కో మనిషికి పావుగంట పడుతోంది. ఫోటో నిమిషం పనే. మిగతాదంతా గడి కోసం. పిన్ని మనిషిని గుమ్మంలో వెలుతురుకి నిలబెట్టి, నుదురు, చెవులు, మెడ, మోచేతులు, అరచేతులు తిప్పి చూసి అప్పుడు రాస్తోంది. రోజుకి ముప్ఫై మంది చొప్పున మూడొందల రోజులు పడుతుందని నేను లెక్కేసి చెప్పాను. ఆవిడ ఒకరి మోకాలు చూస్తూ ఉంది, వినలేదు.

మంగళవారం మధ్యాహ్నం విరామంలో భూతద్దం గారు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. ముందుకి రమ్మంటే రాలేదు. ఆయన వంతు వచ్చాక పిన్ని ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి ఆయన భూతద్దమే అడిగి తీసుకుని, కుడిచెవి వెనక వెతికితే, వెంట్రుకల మధ్య సన్నటి గీతలాంటి మానిన గాయం కనిపించింది. ఎప్పుడు తగిలిందండీ అని అడిగితే ఆయన చెవి వెనక చెయ్యి పెట్టి తడుముకున్నారు. తెలియదన్నారు. అసలు అక్కడ ఒకటుందనే తెలియదన్నారు.

పిన్ని రాసుకుంది.